వకీలు ఆఫీసు జమాఖర్చులు

భారత జాతీయోద్యమ చరిత్రలో మొదటి పేజీల నుంచీ వకీళ్లే కనిపిస్తారు. ఫిరోజ్‌షా మెహతా, మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్, గాంధీ, రాజగోపాలాచారి, ప్రకాశం. వీరి ఉపన్యాసాల గురించీ త్యాగాల గురించీ మనకు ఎన్నో గ్రంథాలున్నాయి. వీరి ఆఫీసులు ఎలా నడిచాయి, గుమస్తా జీతం ఎక్కడి నుంచి వచ్చింది, మొదటి కేసు దొరికేదాకా ఇల్లు ఎలా గడిచింది అన్న ప్రశ్నలను మాత్రం చరిత్ర రచయితలు అంతగా పట్టించుకోలేదు. డబ్బు సంగతి మాట్లాడటం గౌరవానికి తక్కువ అనుకునే అలవాటు న్యాయవాద వృత్తిలోనే ఉంది. బారిస్టరు పుచ్చుకునేది కూలి కాదు, గౌరవ పారితోషికం అన్న ఇంగ్లీషు సంప్రదాయం ఈ అలవాటుకు మూలం. ఆ సంప్రదాయాన్ని కాసేపు పక్కన పెట్టి, వకీలు ఆఫీసు జమాఖర్చుల పుస్తకం తెరిచి చూద్దాం.

ఈ వృత్తిలో ఖర్చు ముందు, రాబడి వెనుక. రెంటికీ మధ్య గడిచే కాలం కొందరికి ఏడాది, కొందరికి ఏడేళ్లు. ఆ ఎదురుచూపు ఖర్చును ఎవరు మోశారన్నదే అసలు ప్రశ్న. మోయగలిగిన ఇళ్ల పిల్లలే వకీళ్లయ్యారు. మోయలేనివారు పట్టా చేతపట్టుకుని బడిపంతుళ్లుగానో, గుమాస్తాలుగానో స్థిరపడ్డారు. గత రెండు వందల ఏళ్లలో వచ్చిన చట్టాలను ఈ కోణం నుంచి చదివితే, పైకి మర్యాద నియమాలుగా కనిపించే చాలా నిబంధనలు నిజానికి ఈ భారాన్ని ఒకరి భుజం నుంచి మరొకరి భుజానికి మార్చిన ఏర్పాట్లని తెలుస్తుంది.

1793లో కారన్‌వాలిస్ బెంగాలులో కోర్టులను పునర్వ్యవస్థీకరించినప్పుడు వచ్చిన ఏడో రెగ్యులేషన్‌తో ఈ కథ మొదలవుతుంది. కంపెనీ కోర్టులలో వాదించే వకీళ్లను ఒక క్రమబద్ధమైన వృత్తివర్గంగా ఏర్పరచింది ఈ రెగ్యులేషనే. హిందువులకూ ముస్లిములకూ మాత్రమే సనదు ఇచ్చారు. ఫీజు ఎంతో వకీలూ కక్షిదారూ కూర్చుని మాట్లాడుకునే పని లేదు. దావా విలువను బట్టి ఇంత శాతమని ప్రభుత్వమే నిర్ణయించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో జిల్లా అదాలత్‌లు నెలకొన్నప్పుడు ఇదే పద్ధతి మన ప్రాంతాలకూ వచ్చింది. ఈ ఏర్పాటులో వకీలు దాదాపు కోర్టు ఉద్యోగి వంటివాడు. రాబడికి కోర్టే హద్దు గీసింది. పెద్ద ఆఫీసు పెట్టుకోవడానికి కారణమూ లేదు, అవకాశమూ లేదు.

1846లో వచ్చిన మొదటి చట్టం ఈ పరిస్థితిని మార్చింది. మత, జాతి నిబంధన తొలగిపోయింది. ప్లీడరు పని అర్హులందరికీ తెరిచారు. అంతకన్నా ముఖ్యంగా, ఫీజును వకీలూ కక్షిదారూ స్వయంగా మాట్లాడుకోవచ్చని అనుమతించారు. న్యాయవాద వృత్తి ఒక వ్యాపకంగా, సొంత లాభనష్టాలున్న వ్యవహారంగా మారిన సంవత్సరం 1846 అని నా అభిప్రాయం. పేరున్న వకీలు ఎక్కువ అడగగలడు. పేరులేనివాడు తక్కువకు ఒప్పుకోవాలి, లేదా ఖాళీగా కూర్చోవాలి. పేరు అనేదానికి అప్పటి నుంచే ధర వచ్చింది.

1862లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో హైకోర్టులు ఏర్పడ్డాయి. పాత సుప్రీంకోర్టుల నుంచి బారిస్టర్లూ అటార్నీలూ, సదర్ అదాలత్‌ల నుంచి వకీళ్లూ వచ్చి ఒకే కప్పు కింద చేరారు. కలకత్తా, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సైడులో పని రెండుగా చీలి ఉండేది. కక్షిదారుతో మాట్లాడి, కాగితాలు తయారుచేసి, కేసు నడిపేవాడు అటార్నీ. కోర్టులో నిలబడి వాదించేవాడు బారిస్టరు. కక్షిదారుకు ఇది రెట్టింపు ఖర్చన్న విమర్శ మొదటి నుంచీ ఉంది, అది నిజమే కూడా. బారిస్టరు వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఆయన కక్షిదారు ముఖం చూడనక్కర్లేదు. బ్రీఫ్ కాగితం మీద అటార్నీ రాసిన బంగారు మొహరీల లెక్కే ఆయన ఫీజు. మొహరీ నాణెం చెలామణీ నుంచి పోయిన తర్వాత కూడా ఈ లెక్క కొనసాగింది. బొంబాయిలో ఒక మొహరీ అంటే 15 రూపాయలు. ఆ సొమ్ము వసూలు చేసి ఇవ్వవలసిన బాధ్యత అటార్నీది. అంటే బాకీ ఎగవేతల బెడద, ఉత్తరాల ఖర్చు, గుమాస్తాల జీతాలు, లెక్కల పుస్తకాలు అన్నీ అటార్నీ ఆఫీసులోనే ఉన్నాయి. బారిస్టరు ఛాంబరులో ఉన్నవి ప్రధానంగా పుస్తకాలు, నిరీక్షణ.

మద్రాసు దారి వేరు. అక్కడ వకీళ్లకు ఒరిజినల్ సైడులో కూడా ప్రవేశం దొరికింది. కాగితమూ వాళ్లే రాశారు, వాదనా వాళ్లే చేశారు. 1889లో వకీళ్ల సంఘం, 1891లో మద్రాస్ లా జర్నల్ పుట్టాయి. భాష్యం అయ్యంగారి వంటివారు బారిస్టర్లతో సమానంగా నిలిచారు. కక్షిదారుకు ఇది కొంత చవక. వకీలు ఆఫీసుకు మాత్రం భారం రెట్టింపు. కక్షిదారును కూర్చోబెట్టడం, మాట్లాడటం, రాయించడం, ఫీజు అడగటం, అది ఇవ్వకపోతే మళ్లీ అడగటం, ఇవన్నీ ఒకే గదిలో ఒకే మనిషి చేయాలి. ఆంధ్ర జిల్లాల న్యాయవాద వృత్తి మొత్తం ఈ మద్రాసు నమూనా మీదే పెరిగింది. మన ఊళ్లలో వకీలుగారి ఇంటి ముందుగదే ఆఫీసు కావడానికి ఇదొక కారణం.

వృత్తిలో అడుగుపెట్టడానికి ఎంత కావాలి? 1899 నాటి స్టాంపు చట్టం షెడ్యూలులో ఒక పద్దు ఉంది. హైకోర్టు జాబితాలో అడ్వొకేటుగా గాని వకీలుగా గాని పేరు ఎక్కించుకోవాలంటే 500 రూపాయల స్టాంపు సుంకం. అటార్నీకి 250. ఇంకా పుస్తకం కొనలేదు, కోటు కుట్టించలేదు, గది అద్దెకు తీసుకోలేదు. దీనికి ముందు బి.ఎల్. చదువు, ఆ తర్వాత ఒక సీనియరు దగ్గర జీతం లేని అప్రెంటిస్ సంవత్సరం. పుస్తకాల ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. 1876 నుంచి ఇండియన్ లా రిపోర్టుల సంపుటాలు ఏటేటా వస్తూనే ఉన్నాయి. 1922 నుంచి నాగపూర్ ఆలిండియా రిపోర్టరు కూడా తోడైంది. ఒక్క ఏడాది సంపుటాలు కొనకపోతే వరుసలో ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఎదుటి వకీలు చేతిలో ఉన్న తీర్పు మన బీరువాలో లేకపోతే కేసు పోవచ్చు కూడా.

ఈ ఎదురుచూపు ఎలా ఉంటుందో చెప్పడానికి గాంధీ ఆత్మకథను మించిన సాక్ష్యం లేదు. నీతి గ్రంథంగా చదివే అలవాటు వల్ల దానిలోని లెక్కలు మన కంటికి ఆనవు. 1891 జూన్‌లో బారిస్టరైన గాంధీ బొంబాయిలో ఇల్లు తీసుకుని, వంటమనిషిని పెట్టుకుని, హైకోర్టుకు వెళ్లి రావడం మొదలుపెట్టాడు. బారిస్టరు అయిదారేళ్లు, ఏడేళ్లు కూడా పనిలేకుండా గడపడం మామూలే అని అనుభవజ్ఞులు ఆయనకు చెప్పారు. మొదటి కేసు స్మాల్ కాజెస్ కోర్టులో వచ్చింది. ఫీజు 30 రూపాయలు. దళారికి కమీషను ఇమ్మన్నారు. గాంధీ ఇవ్వనన్నాడు. నెలకు మూడు నాలుగు వేలు సంపాదించే పేరున్న వకీలు కూడా ఇస్తాడని చెప్పి చూశారు. అయినా ఇవ్వలేదు. తీరా కోర్టులో క్రాస్ ఎగ్జామినేషనుకు లేచినప్పుడు నోరు పెగలక ఫీజు వాపసు ఇచ్చేశాడు. ఆ తర్వాత నెలకు 75 రూపాయల టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. లండన్‌లో చదివిన బారిస్టరుకు, పట్టభద్రుడు కాడన్న కారణంతో, ఆ ఉద్యోగం దక్కలేదు. ఆరు నెలలకు బొంబాయి ఇల్లు ఎత్తేశాడు.

రాజ్‌కోట్‌లో కథ మారింది. అక్కడ అర్జీలు, మహజర్లు రాస్తూ నెలకు సుమారు 300 రూపాయలు సంపాదించాడు. ఆ పని వచ్చింది అన్నగారి వకీలు భాగస్వామి ద్వారా. పని పంపిన వకీళ్లకు వాటా ఇవ్వక తప్పలేదు. బొంబాయిలో దళారికి కాదన్న కమీషనును రాజ్‌కోట్‌లో మరో పేరుతో ఇచ్చానని గాంధీయే రాసుకున్నాడు. ఇందులో ఆయనను తప్పుపట్టవలసిన పని లేదు. పని ఎక్కడి నుంచి వస్తుందో అక్కడికి రాబడిలో కొంత తిరిగి వెళుతుందన్నది ఈ వృత్తి నడక. పేరు మారుతుంది, పద్దు మారదు.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ ఏడాదికి 105 పౌండ్లు, రానుపోను మొదటి తరగతి ప్రయాణ ఖర్చు, బస, భోజనం ఇస్తామని పిలిస్తే గాంధీ దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఇది వకీలు రాబడి కన్నా జీతానికే దగ్గర. ఎదురుచూపు ఖర్చును మొదటిసారి ఆయన కుటుంబం బదులు ఒక వ్యాపార సంస్థ మోసింది. ఆ కేసులో వాదిప్రతివాదులిద్దరూ బంధువులు, ఒకే ఊరివాళ్లు. దావా 40,000 పౌండ్లది. కేసు సాగినకొద్దీ రెండువైపులా వకీళ్ల ఫీజులు పెరిగిపోవడం గాంధీ గమనించాడు. గెలిచినవాడికి కోర్టు ఇప్పించే ఖర్చులు అతను నిజంగా పెట్టిన ఖర్చులకు సరిపోవని కూడా లెక్కవేశాడు. చివరకు ఇద్దరినీ మధ్యవర్తి తీర్పుకు ఒప్పించాడు. దాదా అబ్దుల్లా గెలిచాడు. 37,000 పౌండ్లను, ఖర్చులతో సహా, వాయిదాల మీద చెల్లించే ఏర్పాటు జరిగింది. రాజీ కుదిర్చిన వకీలుకు నష్టమేమీ రాలేదని గాంధీ రాస్తాడు. మరుసటి సంవత్సరమే దర్బన్‌లో ఇరవై మంది దాకా వ్యాపారులు ఏడాది పని కింద ఆయనకు ముందుగానే రుసుము కట్టారు. సామాన్లు దాదా అబ్దుల్లా కొనిపెట్టాడు. ఏడాదికి 300 పౌండ్లుంటే ఇల్లు గడుస్తుందని గాంధీ అంచనా. ప్రజా సేవకు పైసా తీసుకోనన్న ఆయన నిర్ణయం ఈ ఏర్పాటు మీద నిలబడింది. రిటైనరు డబ్బు ముందుగా చేతికొచ్చింది కనుక కేసు కోసం కాచుకుని కూర్చోవలసిన అవస్థ తప్పింది.

జోహానెస్‌బర్గ్‌లో పని పెరిగాక ఆఫీసు ఖర్చూ పెరిగింది. నలుగురు భారతీయ గుమాస్తాలు చాలలేదు. టైపు చేయగల ఒక స్కాట్లండు యువతిని నెలకు 17 పౌండ్ల 10 షిల్లింగుల జీతానికి పెట్టుకున్నాడు. మొదటి ఏడాది ఆయన స్వయంగా అందుకున్న మొత్తమే 105 పౌండ్లని గుర్తు చేసుకుంటే, ఒక నడిచే ఆఫీసుకూ ఒంటరి వకీలుకూ ఉన్న దూరం అర్థమవుతుంది.

మన జిల్లా కోర్టుల్లో ఆ దూరాన్ని పూడ్చింది వకీలు గుమస్తా. కోర్టు పత్రాల్లో ఆయన పేరు ఎక్కడా కనిపించదు. వాయిదా తేదీలు రాసుకోవడం, స్టాంపులు కొనడం, బత్తా కట్టడం, నకళ్లకు అర్జీ పెట్టడం, పల్లె నుంచి వచ్చిన కక్షిదారు రాత్రి ఎక్కడ పడుకోవాలో చూడటం అన్నీ ఆయన పనే. ఫీజు అడిగే పని కూడా చాలా చోట్ల ఆయనదే. వకీలుగారు డబ్బు మాట ఎత్తరు, గుమస్తా ఎత్తుతాడు. ఇది మర్యాద కోసం పుట్టిన పనివిభజన అనుకుంటే పొరపాటు. బొంబాయిలో అటార్నీ చేసిన వసూలు పనిని ఇక్కడ ఒక చిన్న జీతగాడి మీద పెట్టారు. జీతం తక్కువ కావడంతో కక్షిదారు ఇచ్చే మామూలు మీద ఆధారపడటమూ జరిగింది. వేసవి సెలవుల్లో కోర్టులు మూతపడితే ఫీజులు ఆగిపోతాయి, గుమస్తా ఇంటి ఖర్చు ఆగదు.

జమాఖర్చుల పుస్తకంలో చిక్కంతా కూడా ఇక్కడే. కక్షిదారు ఒక ముడుపుగా ఇచ్చిన సొమ్ములో కోర్టు ఫీజు ఉంటుంది, సమన్ల బత్తా ఉంటుంది, టైపు ఖర్చు ఉంటుంది, అడుగున వకీలు ఫీజు ఉంటుంది. 1870 కోర్టు ఫీజుల చట్టం దావా విలువను బట్టి రుసుము వసూలు చేసింది. ఆస్తి దావాల్లో వకీలు కన్నా ముందు ప్రభుత్వమే తన వాటా తీసుకుంది. ఆ తర్వాత మిగిలేది ఎంత, అందులో తనది ఎంత, కక్షిదారుది ఎంత అన్న లెక్క రాసుకోని ఆఫీసు, కక్షిదారు సొమ్ముతో తన ఇంటి అద్దె కట్టుకునే స్థితికి తెలియకుండానే చేరుతుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1975లో రూపొందించిన ప్రవర్తనా నియమాల్లో, కక్షిదారు ఇచ్చిన సొమ్ము ఫీజు కిందదా ఖర్చుల కిందదా అన్నది పద్దులో రాసి తీరాలన్న నిబంధన ఊరికే రాలేదు.

ఇక దళారులు. 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం న్యాయవాదులను అడ్వొకేట్లు, వకీళ్లు, అటార్నీలు, ప్లీడర్లు, ముఖ్తార్లు, రెవెన్యూ ఏజెంట్లు అని శ్రేణులుగా గుర్తించింది. అదే చట్టం కింద, కమీషనుకు కేసులు తెచ్చే దళారుల పేర్లను జాబితా కట్టి కోర్టు ఆవరణలోకి రాకుండా నిషేధించే అధికారం జడ్జీలకు లభించింది. ప్రకటన ఇచ్చుకోవడం ఈ వృత్తిలో నిషిద్ధం. కొత్త వకీలు ఉన్నాడని పల్లెటూరి రైతుకు తెలిసే దారి మరొకటి లేనప్పుడు ఆ ఖాళీలోకి దళారి వచ్చాడు. బంధుబలగం, కులబలం, సీనియరు అండ ఉన్న వకీలుకు దళారితో పనిలేదు. అవి లేనివాడే దళారి చేతిలో పడ్డాడు. దళారులను నిషేధించిన చట్టం సదుద్దేశంతో వచ్చినదే. దాని బరువు మాత్రం ఎక్కువగా అండలేనివారి మీద పడిందని చెప్పక తప్పదు. ప్రకటనల నిషేధం నేటికీ కొనసాగుతోంది. 2008లో చేసిన సవరణ వల్ల పేరు, చిరునామా, అర్హతల వంటి కొద్ది వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోవడానికి వీలు కలిగింది.

శ్రేణుల మధ్య గోడలకు కూడా ధర ఉంది. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా బాగా సంపాదించాడు. అక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అయినా ఆ తరగతి సనదుతో పై కోర్టులో వాదించడానికి వీల్లేదు. జిల్లాలో తాను కట్టిన కేసును మద్రాసులో మరొకరి చేతిలో పెట్టాలి. పై ఫీజు వాళ్లది. ముప్పై ఏళ్లు దాటిన వయసులో, నడుస్తున్న ఆఫీసును వదిలి ఇంగ్లండు వెళ్లి, 1907లో బారిస్టరుగా మద్రాసు హైకోర్టుకు తిరిగి రావడం వెనుక ఆశయం ఎంత ఉందో లెక్క కూడా అంత ఉంది. చేతికొస్తున్న రాబడిని కొన్నేళ్లు వదులుకుని, ఎత్తయిన గోడ అవతల పెద్ద రాబడికి వేసిన పెట్టుబడి అది. ఆ పెట్టుబడి ఫలించింది. మద్రాసు బారులో తెలుగువాడిగా ఆయన గట్టిగా నిలబడ్డాడు.

1921లో ఆ ప్రాక్టీసును ఆయన వదిలేశాడు. సహాయనిరాకరణ పిలుపుకు కోర్టులను వదిలినవారిలో మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్, రాజేంద్రప్రసాద్ ఉన్నారు. ప్రకాశం సంపాదన స్వరాజ్య పత్రికలోకి ప్రవహించి అక్కడే ఇంకిపోయింది. ఈ త్యాగాలను మనం రూపాయల్లో కొలిచి పొగుడుతుంటాం. నిజానికి వకీలు ఆఫీసు మూసేస్తే పోయేది ఆ ఏటి ఫీజు ఒక్కటే కాదు. దుకాణం మూస్తే సరుకు అమ్ముకోవచ్చు. వకీలుకు ఉన్న సరుకు కక్షిదారుల నమ్మకం. అది ఆరు నెలల్లో ఎదురింటి వకీలు దగ్గరికి వెళ్లిపోతుంది. గుమస్తా కూడా వెళ్లిపోతాడు. పెద్ద పేరున్నవారు తిరిగి వస్తే మళ్లీ కేసులు దొరుకుతాయి. మున్సిఫ్ కోర్టులో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న వకీలు బోర్డు దించితే, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. కాంగ్రెసుకు ఈ విషయం తెలుసు. ప్రాక్టీసు వదిలిన వకీళ్లను ఆదుకోవడానికే జమ్నాలాల్ బజాజ్ లక్ష రూపాయలు ఇచ్చాడు. ఉద్యమ చరిత్రలో ఒక్క వాక్యంగా మిగిలిన ఆ విరాళం, పేరులేని వకీళ్ల ఎదురుచూపు ఖర్చును ఒక వ్యాపారి మోసిన మరో సందర్భం.

చిత్తరంజన్ దాస్ లెక్క ఇంకో రకం. తండ్రి అప్పుల వల్ల 1906లో ఆయన దివాలా ప్రకటించవలసి వచ్చింది. ప్రాక్టీసు పుంజుకున్నాక, 1913లో, చట్టప్రకారం కట్టనక్కర్లేని ఆ పాత బాకీలన్నీ తీర్చాడు. దాన్ని అందరూ ధర్మనిష్ఠగా చెప్పుకున్నారు, అది న్యాయమే. ఆ పని వల్ల ఆయన మాటకు పెరిగిన విలువ కూడా ప్రాక్టీసుకు జమే.

మరి ఫీజు ఎగ్గొడితే? 1879 చట్టం కింద ఫీజు ఒప్పందం కాగితం మీద ఉండి, సంతకం చేసి, 15 రోజుల్లో కోర్టులో దాఖలు చేస్తేనే చెల్లుబాటు. కక్షిదారుతో మొదటి రోజే ఇలాంటి కాగితం రాయించుకోవడం మన ఊళ్లలో ఎంతమందికి సాధ్యం? 1926 ఫీజుల చట్టం ఈ నిబంధనను తొలగించింది. ఫీజు స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు, రాకపోతే దావా వేయవచ్చు. అదే చట్టం మరో సెక్షనులో, వకీలైనంత మాత్రాన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని చెప్పింది. వసూలు హక్కూ బాధ్యతా ఒకే చట్టంలో పక్కపక్కన వచ్చాయి. పారితోషికమన్న పాత మాట చట్టం దృష్టిలో అక్కడితో చాలా వరకు ముగిసింది. అదే ఏడు బార్ కౌన్సిళ్ల చట్టం కూడా వచ్చింది.

కక్షిదారు దగ్గర డబ్బు లేకపోతే గెలిచాక ఇంత వాటా అని మాట్లాడుకునే మార్గం ఒకటి ఉండవచ్చు కదా అని అడగవచ్చు. బయటివాడు దావాకు పెట్టుబడి పెట్టి వాటా తీసుకోవడం భారతదేశంలో దానంతట అది చెల్లకపోదని ప్రివీ కౌన్సిలు 1876లోనే చెప్పింది. న్యాయవాదికి మాత్రం అది తగదని 1954లో సుప్రీంకోర్టు తేల్చింది. వాటా ఒప్పందం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. తీర్పులో తనకే ఆస్తి ఉన్న మనిషి కోర్టు ముందు నిష్పక్షపాతంగా నిలబడలేడన్నది కారణం. ఆ కారణం బలమైనదే. ఫలితంగా పేద కక్షిదారు కేసులో నష్టభయాన్ని వకీలు చట్టబద్ధంగా పంచుకునే దారి మూసుకుపోయింది. ఫీజు బాకీ కింద కేసు కాగితాలు అట్టిపెట్టుకునే మార్గాన్ని 2000లో సుప్రీంకోర్టు మూసివేసింది. ఒక సహకార బ్యాంకు తనకు సుమారు 97 వేల రూపాయలు బాకీ ఉందని చెప్పి ఫైళ్లు ఇవ్వని న్యాయవాది వ్యవహారంలో, కాగితాలు కక్షిదారువి, బాకీకి దావా వేసుకో అని కోర్టు చెప్పింది. 2024 మే నెలలో న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని మరో తీర్పు వచ్చింది. ఒక చేత్తో తీసుకున్నదాన్ని మరో చేత్తో కొంత ఇచ్చినట్టయింది.

స్త్రీలకు ఈ ఎదురుచూపు మరీ పొడుగు. 1923 చట్టం వచ్చేదాకా సనదు దొరకడమే కష్టమైంది. కార్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి కూడా 1904 నుంచి బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో జీతానికి పనిచేసింది. ఆమెకు జీతమే తప్ప ప్రాక్టీసు అనే ఆస్తి లేదు.

1961 అడ్వొకేట్ల చట్టం వకీలు, ప్లీడరు, ముఖ్తారు భేదాలను తీసేసి అందరినీ అడ్వొకేట్లను చేసింది. 1976 సవరణతో అటార్నీల ప్రత్యేక శ్రేణి కూడా చట్టం నుంచి పోయింది. ప్రకాశం దాటిన గోడ కూలింది. మరో గోడ మిగిలింది, అది కోర్టు ఎక్కడుందన్నది. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైనప్పుడు మద్రాసులో దశాబ్దాల పాటు కట్టుకున్న ఆఫీసులను తెలుగు వకీళ్లు తరలించుకోవలసి వచ్చింది. రెండేళ్లు తిరగగానే, 1956 నవంబరులో, అదే కోర్టు హైదరాబాదుకు మారింది. బీరువాలు రైలెక్కాయి, గుమస్తాల కుటుంబాలు కదిలాయి, జిల్లాల నుంచి వచ్చే కక్షిదారులకు కొత్త దారి చెప్పవలసి వచ్చింది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిపోయి అమరావతి ప్రాంతానికి వెళ్లినప్పుడు ఇదే లెక్క మూడోసారి వేయవలసి వచ్చింది. సీనియరుకు రెండు చోట్లా ఆఫీసు పెట్టుకునే శక్తి ఉంటుంది. జూనియరు ఒక ఊరే ఎంచుకోవాలి.

నమోదు రుసుము 1961 చట్టంలో 250 రూపాయలు. 1993లో 750 అయింది. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో దానికి అదనంగా చేర్చుకుంటూ పోగా, కొన్ని చోట్ల అది పదుల వేలకు చేరింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్న 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125 రూపాయలు, అంతకు మించి వసూలు చేయరాదని ఆదేశించింది. గుమ్మం దగ్గరి ఖర్చు ఆ విధంగా తగ్గింది. లోపలికి వచ్చాక కూర్చోవలసిన ఏళ్ల సంగతి వేరు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పేరుతో జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. బజాజ్ విరాళంలా ఇదీ బయటి నుంచి వచ్చిన సొమ్మే. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మరో అడుగు వేసింది. జూనియరుకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా సీనియర్లే చెల్లించాలని సూచించింది. అది సలహా మాత్రమే, ఆదేశం కాదు. మున్సిఫ్ కోర్టులో తన గుమస్తా జీతానికే తడుముకునే సీనియరు ఆ 15,000 ఏ పద్దు నుంచి తీసివ్వాలో సర్క్యులరులో చెప్పలేదు.